మోటారు బండిని కనిపెట్టిందెవరు? కొండెక్కించిందెవరు?



పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల కొండల్లో ఏ ఊళ్లో కూర్చుని ఈ మాటలు వింటున్నా, ఇవి మీ కోసమే. ఈ రోజు చెప్పబోయే కథ కొండ మీది వాళ్లకే బాగా అర్థమవుతుంది.

మోటారు బండిని ఎవరు కనిపెట్టారు? బడిపిల్లల్ని అడిగి చూడండి. ఠక్కున చెబుతారు. కార్ల్ బెంజ్, జర్మనీ దేశం, 1886. ఆ జవాబుకు మార్కు పడుతుంది. పడాలి కూడా. కాని ఆ ఒక్క పేరుతో కథ ముగించేస్తే చాలామందికి అన్యాయం జరుగుతుంది. వాళ్లలో ఒక ఇల్లాలు ఉంది. దివాలా తీయబోతున్న ఒక చిన్న కంపెనీ ఉంది. మన మన్యం మనుషులూ ఉన్నారు. వాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు.

ముందు బెంజ్ సంగతి చూద్దాం. జర్మనీలో మాన్‌హైమ్ అనే పట్నం. అక్కడ ఆయనకో చిన్న వర్క్‌షాపు. 1886 జనవరి 29న తన బండికి పేటెంటు కోసం దరఖాస్తు పెట్టాడు. పేటెంటు అంటే ఏమిటి? ఇది నేను తయారు చేశాను, నన్ను అడగకుండా ఇంకెవరూ చేయకూడదు అని సర్కారు చేత రాయించుకునే హక్కు పత్రం. ఆ బండికి మూడే చక్రాలు. మన ఆటోకు లాగే ముందు ఒకటి, వెనక రెండు. ఇంజన్ బలం ముప్పావు గుర్రం. గట్టిగా పోతే గంటకు 16 కిలోమీటర్లు. అదీ చదును నేల మీద. చదును నేల మీద అన్న మాట కాస్త మనసులో ఉంచుకోండి. మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

మరి బెంజ్‌కు ముందు ఎవరూ లేరా? ఉన్నారు. 1769లో, అంటే బెంజ్ కంటే నూరేళ్లకు పైగా ముందు, ఫ్రాన్స్ దేశంలో క్యూన్యో అనే సైనిక ఇంజనీరు ఆవిరితో నడిచే బండి కట్టాడు. ఫిరంగులు లాగడానికి. ముందు చక్రం ముంగిట పెద్ద బాయిలరు వేలాడుతూ ఉంటుంది. అది మనిషి నడిచినంత వేగంతో పోయేది. కాసేపు నడవగానే ఆగిపోయేది. మళ్లీ ఆవిరి పట్టేదాకా అందరూ నిలబడి చూడాల్సిందే. సైన్యానికి విసుగు పుట్టింది, పక్కన పెట్టేశారు. క్యూన్యో కట్టిన బండి ఇప్పటికీ పారిస్ మ్యూజియంలో ఉంది.

ఆ తర్వాత ఇంజన్ మారింది. నిప్పు బయట పెట్టి నీళ్లు మరిగించే బదులు, ఇంజన్ కడుపులోనే ఇంధనం మండించవచ్చని కొందరు కనిపెట్టారు. 1860లో లెన్వార్ అనే ఆయన అలాంటి ఇంజన్ చేశాడు. 1876లో నికొలాస్ ఓటో దాన్ని ఒక దారిలో పెట్టాడు. గాలినీ ఇంధనాన్నీ పీల్చాలి. గట్టిగా నొక్కాలి. మండించాలి. పొగ వదలాలి. ఈ నాలుగు పనులు ఒకదాని వెంట ఒకటి. ఈ రోజు మీ ఊరి కుర్రాడు నడిపే మోటారు సైకిల్ లోపల జరిగేది కూడా ఇదే.

ఆ ఓటో దగ్గర పనిచేసి బయటకు వచ్చినవాళ్లు డైమ్లర్, మేబాక్. బెంజ్ మూడు చక్రాల బండి నడిపిన 1886లోనే వీళ్లు నాలుగు చక్రాల గుర్రబ్బండికి ఇంజన్ బిగించారు. ఊరు వేరు, షెడ్డు వేరు. బెంజ్, డైమ్లర్ ఎన్నడూ కలిసి కూర్చుని మాట్లాడుకున్న దాఖలా లేదు. వాళ్ల కంపెనీలు రెండూ 1926లో ఒకటయ్యాయి. అప్పటికి డైమ్లర్ పోయి ఇరవై ఆరేళ్లయింది.

ఇంకో పేరు చెప్పాలి. ఇది బాధ కలిగించే పేరు. ఆస్ట్రియా దేశంలో, వియన్నా నగరంలో జీగ్‌ఫ్రీడ్ మార్కుస్ అని ఒక పనిమంతుడు. 1870 ప్రాంతంలోనే ఒక తోపుడు బండి మీద ఇంజన్ పెట్టి నడిపి చూశాడు. తర్వాత పూర్తి స్థాయి కారు కూడా కట్టించాడు. ఆ కారు బెంజ్ కారు తర్వాతదేనని ఇప్పటి పరిశోధకుల మాట. ఎవరు ముందు, ఎవరు వెనక అనేది పండితులు తేల్చుకోవలసిన లెక్క. కాని 1940లో హిట్లర్ ప్రభుత్వం ఏం చేసిందో వినండి. మార్కుస్ యూదుడు. అందుకని విజ్ఞాన సర్వస్వాల్లో ఆయన పేరు తీసేయమంది. ఆ చోట డైమ్లర్, బెంజ్ పేర్లు వేయమని ఉత్తరం రాసింది. వియన్నాలో ఆయన విగ్రహం కూడా తొలగించారు. యుద్ధం ముగిశాక మళ్లీ నిలబెట్టారు.

చూశారా? ఘనత ఎవరిదన్నది ఒక్కోసారి పనితనాన్ని బట్టి తేలదు. పుస్తకం ఎవరి చేతిలో ఉంది, పత్రం ఎవరి పేరిట ఉంది అన్నదాన్ని బట్టి తేలుతుంది. ఇదే నేను ఈ రోజు పదే పదే చెప్పబోయే మాట.

ఇప్పుడు అసలు కథకు వద్దాం. ఆ ఇల్లాలి కథకు.

ఆమె పేరు బెర్తా. కార్ల్ బెంజ్ భార్య. పెళ్లికి ముందే, తనకు రావలసిన కట్నం డబ్బు ముందుగా తెచ్చి ఆయన వర్క్‌షాపులో పెట్టింది. ఆ డబ్బు లేకపోతే ఆ షెడ్డు అప్పుడే మూతపడేది. బండి తయారైంది. పేటెంటు వచ్చింది. పేటెంటు మీద ఉన్నది భర్త పేరు ఒక్కటే. పెళ్లయిన ఆడదాని పేరిట పత్రం వచ్చే రోజులు కావవి.

సరే, బండి ఉంది. పత్రం ఉంది. కొనేవాడు లేడు. జనం వింతగా చూసి పోయేవాళ్లు. ఇది ఊరి చుట్టూ తిరుగుతుందేమో గాని దూరం పోతుందా అనేవాళ్లు. కార్ల్ బెంజ్ ఇంకా బాగు చేయాలి, ఇంకా సరిచేయాలి అంటూ షెడ్డులోనే ఉండిపోయాడు.

1888 ఆగస్టు. ఒక తెల్లవారుజామున, భర్త నిద్రలో ఉండగా, బెర్తా తన ఇద్దరు కొడుకుల్ని వెంటేసుకుని ఆ బండిని చప్పుడు కాకుండా షెడ్డులోంచి బయటకు తోయించింది. ఒకడు ఐగెన్, పదిహేనేళ్లవాడు. ఇంకొకడు రిచర్డ్, వాడికంటే చిన్నవాడు. ముగ్గురూ ఎక్కారు. ఎక్కడికి? ఆమె పుట్టింటికి. ప్‌ఫోర్జ్‌హైమ్ అనే ఊరికి. నూరు కిలోమీటర్ల పైమాటే. మనకు తెలిసినట్టు చెప్పాలంటే, విశాఖపట్నం నుంచి పాడేరు దాకా ఉన్నంత దూరం. అంతకు ముందు ప్రపంచంలో ఎవరూ పెట్రోలు బండిలో అంత దూరం పోలేదు.

దారిలో ఏం జరిగిందో వింటే మన డ్రైవర్లకు నవ్వూ వస్తుంది, గౌరవమూ కలుగుతుంది. ఇంధనం అయిపోయింది. పెట్రోలు బంకు అనేదే లేదు. వీస్‌లోహ్ అనే ఊళ్లో మందుల షాపు ముందు ఆపింది. మరకలు తీయడానికి అక్కడ అమ్మే ఒక నూనె కొని ట్యాంకులో పోసింది. ఆ షాపును ఈ రోజు ప్రపంచంలోనే మొదటి పెట్రోలు బంకు అని చెప్పుకుంటారు. కాస్త దూరం పోయాక ఇంధనం గొట్టంలో చెత్త అడ్డుపడింది. టోపీకి గుచ్చుకున్న పిన్ను తీసి శుభ్రం చేసింది. కరెంటు తీగ మీది తొడుగు పోయింది. మేజోడు జారకుండా కట్టుకున్న పట్టీ తీసి చుట్టింది. గొలుసు సాగిపోతే కమ్మరి చేత సరిచేయించుకుంది. ఇంజన్ ఊరికే వేడెక్కుతోంది. దొరికిన చోటల్లా నీళ్లు పోసుకుంటూ పోయింది. ఘాట్ రోడ్డు మీద రేడియేటరు పొగలు కక్కితే గెడ్డ దగ్గర ఆపి డబ్బాతో నీళ్లు తెచ్చి పోసినవాళ్లు మీలో ఎందరో ఉంటారు. బెర్తా ఆ రోజు చేసిన పనీ అదే.

దిగుడు రోడ్డులో బ్రేకు చెక్క అరిగిపోయింది. చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆగి ఆ చెక్కకు తోలు కొట్టించింది. మోటారు బండి బ్రేకుకు లైనింగ్ పుట్టింది అక్కడే, ఆ చెప్పుల పనివాడి చేతుల్లోనే.

ఇక ఎక్కుడు. చదును నేల మీద అన్న మాట మనసులో ఉంచుకోమన్నాను కదా. ఆ బండికి ఉన్న గేర్లు రెండే రెండు. రెండూ కొండకు చాలలేదు. ఎక్కుడు రాగానే ఇంజన్ ఆయాసపడి నిలిచిపోయేది. అప్పుడు ఏం చేశారు? దిగి తోశారు. పిల్లలు ఇద్దరూ తోశారు, తల్లి తోసింది. అలా తోసుకుంటూ, ఎక్కుతూ, దిగుతూ, చీకటి పడేవేళకు పుట్టింటికి చేరారు. అక్కడి నుంచి భర్తకు టెలిగ్రాం కొట్టింది, క్షేమంగా చేరామని.

కొన్ని రోజులకు అదే బండిలో తిరిగి వచ్చింది. వచ్చి భర్తకు ఏం చెప్పింది? బండి బాగుంది గాని కొండెక్కడం లేదు, కొండకు వేరే చిన్న గేరు పెట్టాల్సిందే అని. ఆయన పెట్టాడు. ఈ సంగతి మళ్లీ ఒకసారి చెబుతాను, ఇది ముఖ్యం. మొదటి మోటారు బండికి కొండ గేరు వచ్చింది, బండిని చేత్తో కొండ మీదికి తోసిన మనిషి అడగడం వల్ల. నా దృష్టిలో బెర్తా బెంజ్ ఆ బండికి సగం హక్కుదారు. డబ్బు ఆమెది. ధైర్యం ఆమెది. కొండ గేరు ఆలోచన ఆమెది. 1944లో, తొంభై అయిదేళ్లు నిండిన రెండు రోజులకు, ఆమె కన్నుమూసింది.

జర్మనీ నుంచి ఇప్పుడు అమెరికా పోదాం. ఎందుకంటే మన ఏజెన్సీకి బాగా తెలిసిన బండి అక్కడ పుట్టింది. అదే జీపు.

కారు పట్నానిది. లారీ రోడ్డుది. జీపు మాత్రం మనది అనిపిస్తుంది నాకు. సంత రోజున పసుపు బస్తాలు, కాఫీ గింజలు, మిరియాలు, కోళ్ల గంపలు, చంటిబిడ్డ తల్లులు, ముసలివాళ్లు, అందరినీ ఎక్కించుకుని బురదలో, రాళ్లలో, గెడ్డ నీళ్లలో దిగి ఎక్కి పోయిన బండి అది. మరి దాన్ని ఎవరు కనిపెట్టారు? చాలామంది విల్లీస్ అంటారు. బానెట్ పక్కన ఆ పేరే రాసి ఉండేది కాబట్టి.

1940లో అమెరికా సైన్యానికి ఒక తేలికపాటి బండి కావాలి. నాలుగు చక్రాలూ లాగాలి, ఎక్కడికైనా పోవాలి. నూరుకు పైగా కంపెనీలను అడిగింది. గడువు చూసి అందరూ జంకారు. నమూనా బండి 49 రోజుల్లో తెచ్చి నిలబెట్టాలి. సరేనని ముందుకు వచ్చింది బాంటమ్ అనే ఒక చిన్న కంపెనీ. పెన్సిల్వేనియాలో బట్లర్ అనే ఊరిది. అప్పుల్లో మునిగి ఉంది. దానికి సొంత ఇంజనీర్లు కూడా సరిగా లేరు. కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీరును బతిమాలి పిలిపించుకుంది. ఆయన కొద్ది రోజుల్లోనే బొమ్మలు గీసి ఇచ్చాడు. సెప్టెంబరు 23న, గడువు ముగిసే రోజునే, బండి సైన్యం గేటు ముందు నిలబడింది.

సైన్యానికి నచ్చింది. కాని ఇంత చిన్న కంపెనీ వేల బండ్లు చేయగలదా అని అనుమానపడింది. ఆ బొమ్మలను విల్లీస్‌కూ ఫోర్డ్‌కూ చూపించింది. విల్లీస్ తన బలమైన ఇంజన్ పెట్టింది. ఫోర్డ్ తన పద్ధతి కలిపింది. యుద్ధం అయ్యేలోగా ఆ రెండు కంపెనీలూ ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. బాంటమ్ చేసినవి మూడు వేలు కూడా లేవు. తర్వాత దానికి మిగిలిన పని బండి వెనక తగిలించే ట్రైలర్లు చేయడం.

విల్లీస్ పత్రికల్లో ప్రకటనలు వేసింది, జీపు మా సృష్టి అని. ఆ మాట మీద అమెరికా ప్రభుత్వ వాణిజ్య కమిషన్ ముందు తగవు నడిచింది. 1948లో తీర్పు వచ్చింది. జీపును మేమొక్కరమే సృష్టించామని విల్లీస్ చెప్పుకోరాదు అని. తీర్పు వచ్చేనాటికి బాంటమ్ కార్ల కంపెనీగా ముగిసిపోయింది. పేరు విల్లీస్‌దే నిలిచింది. మన దేశంలో స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో మహీంద్రా వాళ్లు విడి భాగాలు తెప్పించి జీపులు బిగించడం మొదలుపెట్టారు. అలా తిరిగి తిరిగి అది మన కొండలకు వచ్చింది. జీపు నడిపిన పాత డ్రైవరును అడగండి. పెద్ద గేర్ రాడ్ పక్కన చిన్న రాడ్లు ఉండేవి. మరీ నిట్టనిలువు ఎక్కుడు వస్తే చిన్న రాడ్ లాగి, ఇంజన్‌ను అరిపిస్తూ, మెల్లగా, జారకుండా ఎక్కించేవారు. బెర్తా అడిగిన కొండ గేరే అంత దూరం వచ్చింది.

శ్రోతలారా, ఇంతవరకు బండి గురించి చెప్పాను. బండి ఉంటే చాలదు. దారి ఉండాలి. బండికి పేటెంటు ఉంటుంది. దారికి ఉండదు.

మన మన్యానికి ఒకప్పుడు ఉన్నవి కాలిబాటలే. కావడి, గంప, ఎద్దు వీపు మీద గోనె. ఉప్పు పైకి రావాలన్నా, చింతపండు కిందికి పోవాలన్నా అంతే. తెల్లదొరల కాలంలో అధికారులకు రోడ్లు కావలసి వచ్చాయి. గూడెంలో డిప్యూటీ తహసీల్దారుగా బాస్టియన్ అనే ఆయన ఉండేవాడు. నర్సీపట్నం వైపు నుంచి లంబసింగి మీదుగా కొండెక్కే దారి పని ఆయన చేతికి వచ్చింది. ఆ పనికి మన్యం మనుషులను బలవంతంగా పట్టుకొచ్చారు. రాళ్లు కొట్టించారు, మట్టి మోయించారు. సరైన కూలి ఇవ్వలేదు. పోడు మీద ఆంక్షలు అంతకు ముందే గొంతు మీద ఉన్నాయి. దాని మీద ఈ వెట్టి ఒకటి.

గాం మల్లుదొర, గాం గంటందొర ఈ బాధలు అనుభవించినవాళ్లు. వాళ్లు అల్లూరి సీతారామరాజు వెంట నడిచారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు ఠాణాల తుపాకులు వాళ్ల చేతికి వచ్చాయి. రెండేళ్లకు, 1924 మేలో, సీతారామరాజును కాల్చి చంపారు. ఈ చరిత్ర మీకు నేను చెప్పనక్కర్లేదు. మన జిల్లాకే ఆయన పేరుంది. నేను గుర్తు చేయదలచుకున్నది ఒక్కటే. ఆ పోరాటం రగలడానికి ఉన్న కారణాల్లో ఒక రోడ్డు కూడా ఉంది. మనం ఈ రోజు బస్సులో కూర్చుని, కిటికీలోంచి మంచు చూసుకుంటూ ఎక్కే ఆ లంబసింగి దారి వెనక వెట్టిచేసిన మనుషులు ఉన్నారు.

బాస్టియన్ పేరు చరిత్ర పుస్తకాల్లో ఉంది. రాయి కొట్టినవాళ్ల పేర్లు ఆ పుస్తకాల్లో లేవు. నా మనసును పట్టి ఉంచేది ఇదే. మార్కుస్ పేరు ఒకరు కావాలని చెరిపారు. వీళ్ల పేర్లు చెరపడానికి ఎవరూ రాయనే లేదు.

ఇది పాత కథ మాత్రమే అనుకోకండి. ఈ కొండల్లో బండి చేరని గూడేలు ఇంకా ఉన్నాయి. నొప్పులు పడుతున్న ఆడబిడ్డను డోలీ కట్టి, గెడ్డలు దాటించి, రోడ్డు దాకా మోసుకొచ్చే మనుషులు ఇంకా ఉన్నారు. 2018లో ఏజెన్సీ కోసం మోటారు సైకిల్ అంబులెన్సులు వచ్చాయి. కారు పట్టని దారిలో అవి కొంత దూరం పోగలవు. అవీ పోలేని చోట మళ్లీ మనిషి భుజమే. రోడ్డు వేసేవాళ్లు రాకపోతే, గూడెంవాళ్లంతా కలిసి పలుగూ పారా పట్టి తామే కొండ తవ్వి దారి చేసుకున్న వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. మొదటి బండిని కట్టినవాడికి దండం పెట్టవలసిందే. ఒక గూడేనికి మొదటి బండిని రప్పించినవాళ్లకూ అదే దండం పెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.

బెర్తా చేసిన ప్రయాణం మనకు ఎలా తెలిసింది? కార్ల్ బెంజ్ ముసలితనంలో, 1925లో, తన జీవితకథ రాసుకుంటూ భార్య తోడు గురించి రాశాడు. పిల్లలు గుర్తుపెట్టుకుని చెప్పారు. బాంటమ్ సంగతి ఎలా తెలిసింది? ఎవరో ఫిర్యాదు చేశారు, విచారణ జరిగింది, కాగితం మిగిలింది. చెప్పారు కాబట్టి, రాశారు కాబట్టి తెలిసింది.

అందుకే మీకో విన్నపం. ముఖ్యంగా పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలకు. మీ ఇంట్లో తాతను అడగండి, అవ్వను అడగండి. మన ఊరి రోడ్డు ఎప్పుడు పడింది? ఆ పనికి ఏ ఏ ఇళ్ల నుంచి ఎవరెవరు పోయారు? ఏ మలుపు దగ్గర బండ గట్టిగా ఉంది, దాన్ని పగలగొట్టింది ఎవరు? కూలి ఎంత ఇచ్చారు, అసలు ఇచ్చారా? మొదటి జీపు ఊళ్లోకి వచ్చిన రోజు దాన్ని నడిపింది ఎవరు? వాళ్లు ఏ భాషలో చెబితే ఆ మాటల్లోనే ఒక నోటు పుస్తకంలో రాయండి. ఊరు, ఇంటిపేరు, పేరు, తెలిస్తే సంవత్సరం. ఒక పుస్తకం ఇంట్లో పెట్టుకోండి, దాని నకలు ఒకటి మీ బడిలో ఇవ్వండి. ఈ వానాకాలం పనులు ఒక కొలిక్కి వచ్చాక మొదలుపెట్టినా పరవాలేదు. మరీ ఆలస్యం మాత్రం చేయకండి. ఆ రోజుల్లో రాళ్లు మోసినవాళ్లను చూసినవాళ్లు, వాళ్ల నోట విన్నవాళ్లు మన మధ్య ఇప్పుడు కొద్దిమందే ఉన్నారు.